పొగ లేని బట్టీ

ఇటుక బట్టీ దగ్గర నుంచి,
ఎండలు ముదిరిన రోజులు

తమ్ముడూ,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామంటే చెయ్యి రాలేదు. ఆ మాట నా కొడుకుతోపాటే ఇల్లు దాటిపోయింది. అందుకని అది వదిలేసి అసలు సంగతిలోకి వస్తున్నా. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీ గొంతు వినగానే ఏడుపు ముందొస్తుంది, మాట వెనకపడుతుంది. కాగితం మీదైతే నేను ఏడ్చినా నీకు కనపడదు. ఐదో క్లాసు చదువు నాది, తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో.

సంగతేమిటంటే, మన బట్టీలో ఇక నిప్పు పెట్టను.

నువ్వు వచ్చేసరికి అంతా అయిపోయింది కనక ఎలా జరిగిందో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నేను చెబుతా. కాలుతున్న బట్టీ మీద బూడిద పరిచి ఉంటుంది కదా, దాని మీద నడుస్తూ కన్నాల్లోంచి బొగ్గు పోస్తారు. బొగ్గు పోసే మనిషి ఆ పూట రాలేదని బుడ్డోడే పైకెక్కాడు. కాలి కింద ఇటుక పేర్పు కుంగింది. గోనె పట్టా కప్పి తెచ్చారు. తియ్యొద్దు అన్నారు, నేను తీశాను. ఇంతకంటే రాయలేను. ఆరడుగులు పెరిగినవాణ్ణి పట్టుకుని బుడ్డోడా అనేవాడివి నువ్వు. ఇప్పుడు నాకూ ఆ పేరే నోట్లోకి వస్తోంది.

నిన్న కాల్పు మేస్త్రీ వచ్చాడు. మీ బావ ఉన్నప్పటి నుంచి మంట చూసే మనిషి, మంచివాడే. చేతులు కట్టుకుని నిలబడి, పచ్చి ఇటుక ఎండిపోయింది, కొనేవాళ్ళు అడుగుతున్నారు, ఒక మాట అంటే అంటించేస్తానన్నాడు. "నా కొడుకుని మింగిన నోటికి మళ్ళీ మేత వెయ్యను" అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. అలవాటు మనిషి, మధ్యాహ్నం మళ్ళీ వచ్చి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను.

బట్టీ మూసేస్తానని కాదు. బుడ్డోడు వెనక షెడ్డులో ఇటుక నొక్కే ప్రెస్సులు రెండు పెట్టుకున్నాడు, నీకు తెలుసుగా. కరెంటు ఫ్యాక్టరీ బూడిద, ఇసుక, కాస్త సున్నం, కాస్త సిమెంటు కలిపి నొక్కడం, మూడు వారాలు తడిపి ఉంచడం. మంటా లేదు, పొగా లేదు. కాల్చని ఇటుకా ఉడకని కూరా ఒకటేరా అని నేను వెక్కిరిస్తే, "నువ్వు కొరికి చూడవే అమ్మా, పళ్ళు ఊడతాయి" అనేవాడు. ఇప్పుడు బట్టీ అంతా ఆ ఇటుకే చేస్తా. దానికి రెండు ప్రెస్సులు చాలవు.

చిక్కల్లా కొనేవాళ్ళతోనే. మా బట్టీల దారిలో పొగే బోర్డు. కొనేవాడు రోడ్డు మీద నుంచే పొగగొట్టం వంక చూస్తాడు. పొగ ఉంటే బండి తిప్పుతాడు, లేకపోతే ముందుకు పోతాడు. నిన్న ఎప్పుడూ వచ్చే తాపీ మేస్త్రీ గేటు దాకా వచ్చి, పైకి చూసి, పాపం ఇంకా దుఃఖంలో ఉన్నారు కాబోలు అని వెనక్కి వెళ్ళాడట. షెడ్డు నిండా ఇటుక పెట్టుకుని నేను లోపల కూర్చున్నా.

పక్కనే మీ ఇటుకల కంపెనీ యార్డు వాళ్ళు కూడా అంతే. నీళ్ళ ట్యాంకు మీదికి పొద్దున్నే ఒక మనిషిని ఎక్కిస్తారు. ఎవరి గొట్టం ఎంత పొగ వదులుతోందో చూసి, ఎవరు ఎంత ఇటుక కాలుస్తున్నారో ఆయన చెప్పేస్తాడు. ఆయన్ని మేమంతా డేగ అంటాం. మా గొట్టం మీద ఆయన చూపు ఇప్పుడు ఊరికే తిరుగుతోంది పాపం.

నువ్వు హెడ్డాఫీసులో ప్లానింగు మేనేజరువి. ఎవరు ఎన్ని మిషన్లు పెట్టాలో లెక్క కట్టడమే నీ పనాయె. ఎదుటివాళ్ళ ఉప్పు తింటున్నా ముందు నా తమ్ముడివి. చెప్పు, నేను ఎన్ని ప్రెస్సులు పెట్టాలి? మానమంటావేమో, అది మాత్రం అడగలేదు.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

*

హెడ్డాఫీసు క్వార్టర్స్ నుంచి

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మరదలు చదవలేక లోపలికి వెళ్ళిపోయింది.

నువ్వు సూటిగా అడిగావు కనక నేనూ సూటిగా చెబుతాను. కాల్చని ఇటుకకి ముందు రోజుల్లో గిరాకీ ఉంటుందా అంటే, ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఊళ్ళకి దగ్గర్లో పొగబట్టీలు ఉండకూడదని రూలు వస్తుందని చాలా కాలంగా అనుకుంటున్నారు. వస్తే ప్రెస్సులు ఉన్నవాడిదే రాజ్యం. రాకపోతే అవి తుప్పు పడతాయి. ఈ రెండింటిలో ఏది జరుగుతుందో పెద్ద పెద్ద కంపెనీలకే తెలియదు. అందుకే అందరూ ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చున్నారు.

ఇంకొకటి కూడా ఉంది. ఇద్దరూ ఎక్కువ మిషన్లు పెట్టేస్తే ఇటుక గుట్టలు పడి ధర చచ్చిపోతుంది, ఇద్దరూ మునుగుతారు. ఒకడు గట్టిగా పెట్టాడని తెలిస్తే రెండోవాడు తగ్గించుకుంటాడు. ఒకడు భయపడుతూ పెట్టాడని తెలిస్తే రెండోవాడు రెట్టింపు పెట్టి వాణ్ణి తోసేస్తాడు. ఇందులో కండ ఉన్నవాడు ఒక ఏడాది నష్టం భరించగలడు. నువ్వు భరించలేవు అక్కా.

కాబట్టి నా మాట విను. ఈ సీజన్‌కి కాల్పు మేస్త్రీ చెప్పినట్టు బట్టీ అంటించు. నువ్వు అటువైపు వెళ్ళొద్దు, పనివాళ్ళు చూసుకుంటారు. బుడ్డోడి రెండు ప్రెస్సులూ పక్కన నడవనీ. రూలు వచ్చిన రోజున చూద్దాం. ఉన్న దారి తెంపుకోవద్దు.

మా కంపెనీ సంగతి ఇంకా ఏమీ తేలలేదు. నువ్వు ప్రెస్సులు కూర్చోబెట్టడానికి కొత్త సిమెంటు దిమ్మెలు గానీ పోయిస్తున్నావా? పోయిస్తే ఎన్ని ప్రెస్సులకి? రాయి, సలహా చెప్పడానికి పనికొస్తుంది.

ఒంట్లో జాగ్రత్త.

తమ్ముడు

*

బట్టీ దగ్గర నుంచి,
మబ్బులు కమ్ముకుంటున్న రోజులు

తమ్ముడూ,

నువ్వు చెప్పింది నాకు ఇలా అర్థమైంది. ఇరుకు సందులో ఎదురెదురుగా రెండు లారీలు వచ్చాయి. ఇద్దరూ హారన్లు కొడుతున్నారు, వెనక్కి తియ్యమని. పెద్ద లారీ వాడికి ధీమా, చిన్న లారీ వాడే తీస్తాడని. అంతేనా? అయితే నువ్వు నాకు చెప్పిన సలహా, అక్కా వెనక్కి తియ్యి అని. సరే, విన్నాను. విన్నానన్నాను, ఒప్పుకున్నానని అనలేదు.

మొదటి పెద్ద వాయి మొత్తం పాడైపోయింది. నా మూలానే పాడైంది.

ఈ ఇటుక నొక్కాక వరసలుగా పేర్చి, పైన తడి గోనె పట్టాలు కప్పాలి. ఎండ తగలకూడదు, తడి ఆరకూడదు. వాడు ఉన్నప్పుడు రెండు చిన్న వరసలే కనక నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు యార్డు అంతా వరసలే. పొద్దున్నే తలుపు తీసి చూసేసరికి, ఎదురుగా అన్నీ మనిషి పొడుగు వరసలు, అన్నింటి మీదా గోనె పట్టాలు. తమ్ముడూ, నా కాళ్ళు ఆగలేదు. ఒక్కొక్కటీ లాగి పారేశాను. పనివాళ్ళు ఆపబోతే వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాను. అటు తర్వాత వాళ్ళు మళ్ళీ కప్పబోయినా కప్పనివ్వలేదు. ఎండకి అన్నీ పొడిబారి, పట్టుకుంటే అంచులు రాలిపోయాయి. బిస్కెట్లలా విరిగాయి. తాపీ మేస్త్రీ ఒకాయన నమూనాకి వచ్చి చేతిలో ఒకటి నలిపి, చెయ్యి దులుపుకుని వెళ్ళాడు. తిట్టి వెళ్ళినా బాగుండేది.

కాల్పు మేస్త్రీకి సందు దొరికింది. అంటించకపోతే పోనీ, గొట్టం అడుగున తడి గడ్డి కాస్త మండిద్దాం, పొగ చూసి కొనేవాళ్ళు గేటు దాకా వస్తారు, వచ్చాక ఈ ఇటుక చూపిద్దాం అన్నాడు. తెలివైన మాటే. పనివాళ్ళంతా తలలూపారు. "నిజం మంటకే ఒకణ్ణి ఇచ్చాను, అబద్ధం మంటకి ఎవరిని ఇమ్మంటావు?" అన్నాను. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. నా నోటికి ఈ మధ్య తాళం లేదు.

ఆ సాయంత్రం ఆయనే గోనె పట్టాలు ఏరి, కాలవలో ముంచి, మళ్ళీ కొత్త వాయి మీద కప్పడం మొదలుపెట్టాడు. జీవితమంతా మంట చూసినవాడు నీళ్ళు చల్లుతున్నాడు. నేను చూస్తూ కూర్చుని, కాసేపటికి లేచి రెండో కొస పట్టుకున్నాను. అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం నేనే తడుపుతున్నా. పట్టా ఎత్తి కింద ఏముందో చూసుకుంటా. ఇటుకే ఉంటుంది. అయినా ప్రతిసారీ ఎత్తి చూస్తా.

నువ్వు అడిగావు కనక చెబుతున్నా. వెనక షెడ్డులో ఒకటే పొడుగాటి దిమ్మె పోయించా. దాని మీద ఎన్ని కూర్చోబెడతానో పనివాళ్ళకి కూడా చెప్పలేదు. నీకు చెబుతున్నా, ఇంకో నాలుగు. ఆర్డరు మాత్రం ఇంకా ఇవ్వలేదు. బొగ్గు కుప్ప అమ్మేశా, ఆ డబ్బే అడ్వాన్సుకి. బేరం చేసినవాడు, "అమ్మా, మళ్ళీ కావాలంటే ఈ రేటుకి దొరకదు" అన్నాడు. మళ్ళీ అనే మాట నీ లారీలోనే వేసుకుపో అన్నాను.

నువ్వు మిషన్ల సంగతే అడిగావు. నేను తింటున్నానా లేదా అని అడగలేదు. తింటున్నాలే.

అక్క

*

హెడ్డాఫీసు క్వార్టర్స్ నుంచి

అక్కా,

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, క్లుప్తంగా రాస్తున్నాను.

బొగ్గు అమ్మేయడం తొందరపాటు. నాలుగు ప్రెస్సులు కూడా నాకు ఎక్కువే అనిపిస్తోంది. ఈ ఇటుకని తాపీ మేస్త్రీలు ఇంకా నమ్మడం లేదు, నీ ఉత్తరంలోనే ఉంది ఆ సంగతి. ఇంకా పెంచే ఆలోచన ఉంటే ముందు నాకు చెప్పు. ప్రస్తుతం పట్టాల కింద ఎంత సరుకు ఉందో కూడా ఒకసారి రాయి.

ఇంకో మాట. ఛైర్మన్ గారు పెద్దమనిషి. నీకు జరిగింది విని చాలా బాధపడ్డారు. నువ్వు సరేనంటే బట్టీ స్థలం మర్యాదైన ధరకి తీసుకుంటామన్నారు. పనివాళ్ళని కూడా పనిలో ఉంచుకుంటారట. నువ్వు మా దగ్గరికి వచ్చేయి. మీ మరదలు గది సర్దుతానంటోంది. ఎవరి కోసం అక్కా ఈ తాపత్రయం? కాస్త విశ్రాంతి తీసుకో.

ఆలోచించి రాయి.

తమ్ముడు

*

బట్టీ దగ్గర నుంచి,
తొలి వాన పడిన మర్నాడు

కంపెనీ ప్లానింగు మేనేజరు గారికి,

మీరు దయతో రాసిన ఉత్తరం అందింది.

మొన్న ప్రెస్సులు చేసే కార్ఖానా నుంచి మెకానిక్కు వచ్చాడు. కుడివైపు ప్రెస్సులో ఆయిలు కారుతోందని పిలిపించాం. పని చేస్తూ మాటల్లో, ఆర్డరు ఇచ్చేటట్టయితే తొందరగా ఇవ్వమ్మా, కంపెనీ వాళ్ళకి పదహారు చేస్తున్నాం, అవి వెళ్ళాకే మీవి మొదలవుతాయి అన్నాడు. పదహారా అన్నాను. ఈ పక్క యార్డు కోసమే, ఇక్కడికే అన్నాడు. ఆ తర్వాత నా మొహం చూసి ధైర్యం చెప్పబోయాడు. "మీవి నాలుగే కదమ్మా, ఎంతలో అవుతాయి" అన్నాడు.

నాలుగని నీకెవరు చెప్పారు నాయనా అంటే, కంపెనీ ఆఫీసులో ఆర్డరు తీసుకునేటప్పుడు సార్లు అనుకుంటుంటే విన్నానన్నాడు.

ఆ నాలుగు అనే మాట నేను మనిషన్నవాడికి చెప్పలేదు. ఒక కాగితానికి చెప్పాను. ఆ కాగితం మా తమ్ముడి ఇంటికి వెళ్ళింది. మరి మా తమ్ముడు ఎక్కడికి వెళ్ళాడో మీకేమైనా తెలుసా సార్?

మీ డేగ కళ్ళకి పొగ అందలేదు. పొగ లేని బట్టీని ఎలా లెక్కపెట్టాలో మీకు తెలియలేదు. అందుకని నా తోడబుట్టినవాణ్ణి ట్యాంకు ఎక్కించారు. నేనేమో కొడుకు పోయిన ఇంట్లో కూర్చుని, మావాడు నా గురించి అడుగుతున్నాడని, వచ్చిన ప్రతి ఉత్తరం దిండు కింద పెట్టుకున్నా. దిమ్మె అడిగారు, ప్రెస్సులు అడిగారు, పట్టాల కింద సరుకు అడిగారు. అక్కా, నీకు నిద్ర పడుతోందా అని ఒక్క ముక్క అడగలేదు.

ఎవరి కోసం ఈ తాపత్రయం అని కూడా అడిగారు. పోయినవాడి కోసమైతే మానేసేదాన్నే, వాడికి ఇక ఇటుకలతో పనేముంది. రేపు కాలే బట్టీ కప్పు మీదికి ఎక్కబోయేవాడు ఒకడు ఎక్కడో ఉన్నాడు కదా, వాడి తల్లి కోసం. చాలా?

మీ ఛైర్మన్ గారికి నా నమస్కారాలు చెప్పండి. స్థలం అమ్మను. నాలుగు కాదు, ఇంకో ఆరుకి నిన్ననే ఆర్డరు ఇచ్చాను. దిమ్మె సరిగ్గా ఆరుకి సరిపోతుంది, నేనే అడుగులేసి చూసుకున్నా. ఇది రహస్యం కాదు, బోర్డు మీద రాసి పెట్టుకోండి.

ఇంకా ఒకటి. నేను రెండు లారీల మాట రాశాను, గుర్తుందా? పెద్ద లారీ వాడికి ఎందుకంత ధీమా అని ఆలోచించాను. నా గొట్టం నిలబడి ఉంది కనక. నాలుగు రోజులు చేతులు కాల్చుకుని మళ్ళీ నిప్పే పెట్టుకుంటుందిలే అని మీ అందరి నమ్మకం. గొట్టమే నా వెనక గేరు. వచ్చే శుక్రవారం పొద్దున్న దాన్ని పడగొట్టిస్తున్నా. మీరూ, మీ ఛైర్మన్ గారూ వచ్చి చూడొచ్చు.

ఇట్లు,
బట్టీ యజమానురాలు

*

హెడ్డాఫీసు క్వార్టర్స్ నుంచి

అక్కా,

తిట్టు. కొట్టు. మీరు అని మాత్రం రాయకు.

అవును, నాలుగని నేనే చెప్పాను. ఆవిడ ఎంత పెడుతోందో మీకు తెలియకుండా ఉంటుందా అని మీటింగులో అడిగారు. నేను ఆలోచించుకున్నదేమిటంటే, నాలుగంటే చిన్న సంఖ్య, ఇంత చిన్నదాని జోలికి ఎందుకులే అని నిన్ను వదిలేస్తారని. వాళ్ళు దాన్ని ఇంకోలా విన్నారు. ఇంత చిన్నదైతే ఒక్క సీజన్‌లో తొక్కేయొచ్చు అనుకున్నారు. పదహారు అనే అంకె ఆ బల్ల దగ్గరే పుట్టింది. నా నోటి నుంచే పుట్టిందనుకో. ఆ తర్వాత స్థలం కొంటామన్నారు, పోనీ అక్క ఒడ్డున పడుతుందిలే అని నేనే రాశాను. నీకు మంచి చేస్తున్నానని నిజంగానే అనుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా, నన్ను నేను నమ్మించుకోవడం తేలిక.

కానీ గొట్టం జోలికి వెళ్ళకు. నీకు దండం పెడతాను. అది నాన్న కట్టిన గొట్టం. కూలికి వచ్చిన తాపీ మేస్త్రీ పనితనం చూసే కదా మీ మావగారు నిన్ను కోడలిగా అడిగారు. దాని మీదికి ఎక్కించి నాన్న నాకు ఊరంతా చూపించాడు. అది ఉంటే రేపు ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి నీకొక దారి ఉంటుంది. పడగొడితే ఏమీ ఉండదు. రూలు రాకపోతే? తాపీ మేస్త్రీలు కొనకపోతే? మా వాళ్ళ దగ్గర పదహారు, నీ దగ్గర ఎనిమిది, కొనేవాడు ఒక్కడూ లేకపోతే?

ఒక్క ఏడాది ఆగు అక్కా.

నీ తమ్ముడు

*

బట్టీ దగ్గర నుంచి,
శనివారం

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం గురువారం అందింది. శుక్రవారం పడగొట్టించా.

నాన్న కట్టిందని నాకు గుర్తు చేస్తావా? ఆ సున్నం తట్టలు మోసింది నేను. నువ్వు అప్పుడు చొక్కా కొస నోట్లో పెట్టుకుని తిరిగేవాడివి. నాన్న దాన్ని పని ఇచ్చినవాళ్ళ కోసం కట్టాడు, కూలి తీసుకున్నాడు, అక్కడికి అయిపోయింది. మనవణ్ణి మింగాక కూడా దాన్ని నిలబెట్టి ఉంచండి అని చెప్పేవాడా? నాన్నే ముందు సుత్తి పట్టుకునేవాడు.

గొట్టాలు కూల్చే మనిషిని పక్క ఊరి నుంచి పిలిపించా. అరవై దాటిన బక్క మనిషి. ఆయన పద్ధతి ఏమిటంటే, పడాల్సిన వైపు అడుగున ఇటుక తొలిచి, దుంగలు నిలబెట్టి, ఆ దుంగలకి నిప్పు పెడతాడు. దుంగలు కాలిపోతే గొట్టం ఒరిగిపోతుంది. తరతరాలుగా అంతే చేస్తున్నారట. నిప్పు కుదరదన్నాను. ఆయన నా వంక వింతగా చూశాడు. మరెలాగమ్మా, ఊదితే పడుతుందా అన్నాడు. దుంగలకి గొలుసు కట్టి లారీతో లాగమన్నాను. అలా ఎప్పుడూ చెయ్యలేదన్నాడు. నేనూ చెయ్యలేదులే, ఇద్దరం నేర్చుకుందాం అన్నాను. కాసేపు గొణిగి, గడ్డం గోక్కుని, చివరికి ఒప్పుకున్నాడు. కాల్పు మేస్త్రీతో నేనన్న వెనక గేరు మాట లారీ డ్రైవరు చెవిన పడిందేమో, ఎక్కే ముందు అడిగాడు, "అమ్మా, నాది ముందు గేరేనా, వెనక గేరా?" అని. కొడుకు పోయాక మొదటిసారి నవ్వానురా. నవ్వాక భయమేసింది, ఎవరైనా చూశారేమోనని.

పొగ లేనప్పుడు ఒక్కడూ తిరిగి చూడని వాకిలికి, గొట్టం పడుతుందంటే ఊరు ఊరంతా వచ్చింది. తాపీ మేస్త్రీలు వచ్చారు, మిగతా బట్టీల వాళ్ళు వచ్చారు, ఆ చెయ్యి దులుపుకుని వెళ్ళినాయన కూడా వచ్చాడు. జనం నిలబడటానికి చోటు చాలక షెడ్డు పక్కన పేర్చిన ఇటుకల మీదికి ఎక్కారు. మూడు వారాలు తడిసిన వాయి అది. నేను దిగమనలేదు. ఒకరి మీద ఒకరు ఎక్కి తొక్కుతున్నారు, తొక్కనీ అనుకున్నా.

లారీ లాగింది. మొదట ఏమీ కాలేదు. తర్వాత దుంగలు జారాయి. గొట్టం అలా కాసేపు ఆలోచించినట్టు నిలబడి, మెల్లగా తల వంచి, మంట ఉండే గుంటలోనే పడుకుంది. ఆ చప్పుడుకి కాళ్ళ కింద నేల అదిరింది. దుమ్ము లేస్తే ఎవరో పొగ పొగ అన్నారు. కాదు, దుమ్ము అని కాల్పు మేస్త్రీ గట్టిగా చెప్పాడు. ఆయన ఏడుస్తున్నాడు, అయినా చెప్పాడు.

జనం దిగాక చూస్తే, ఎక్కిన ఇటుకల్లో ఒక్కటి కూడా అంచు రాలలేదు. ఆ చెయ్యి దులుపుకున్నాయన ఒకటి తీసి, భుజం ఎత్తు నుంచి కిందకి వదిలాడు. మళ్ళీ తీసి మళ్ళీ వదిలాడు. ఇది వానకి ఆగుతుందా అన్నాడు. నేను చెబితే నువ్వు నమ్మవు, ఒక బండి తీసుకెళ్ళి గోడ కట్టి నువ్వే చూడు అన్నాను. తీసుకెళ్ళాడు. ఒకటే బండి. అంతకంటే పెద్ద కథ చెప్పను నీకు. మిగతావాళ్ళు చూద్దాం చూద్దాం అంటూ వెళ్ళారు.

మీ కంపెనీ నుంచి మాత్రం జనంలోకి ఎవరూ రాలేదు. కింద నుంచి చూస్తే ట్యాంకు మీద ఇద్దరు మనుషులు నిలబడ్డట్టు అనిపించింది. ఒకరు డేగే అయ్యుంటాడు.

నువ్వు అడిగావు, కొనేవాడు ఒక్కడూ లేకపోతే అని. నాకూ తెలియదు. అమ్ముడుపోకపోతే ఆ ఇటుకతోనే నాకొక గది కట్టుకుని అందులో పడుకుంటా. నిప్పు మాత్రం పెట్టను. గొట్టం ముక్కలు పొడి చేయించి కొత్త వాయిలో కలిపిస్తున్నా. నాన్న ఇటుక కదా, గట్టిదే అయ్యుంటుంది.

నీ మీద కోపం పోలేదు. ఒరే అన్నానని పోయిందనుకునేవు.

అక్క

*

హెడ్డాఫీసు క్వార్టర్స్ నుంచి

అక్కా,

నిన్న మా వాళ్ళ మీటింగు అయింది. పదహారులో ఆరు ఉంచి మిగతావి ఆపేశారు.

ఛైర్మన్ గారు నన్నే అడిగారు, ఆవిడ నష్టం వస్తే ఎప్పుడు వెనక్కి తగ్గుతుంది అని. తగ్గదు సార్ అన్నాను. అందరికీ ఒక హద్దు ఉంటుంది కదయ్యా అన్నారు. వెనక్కి రావడానికి ఆవిడ తన దగ్గర ఏమీ మిగల్చుకోలేదు సార్, నేను కళ్ళారా చూశాను అన్నాను. మన పదహారు, ఆవిడ ఎనిమిది కలిస్తే ఉన్న కాస్త గిరాకీ ఎవరికీ చాలదు, ఆవిడ తప్పుకోదు కనక తగ్గాల్సింది మనమే అని లెక్క వేసి చూపించాను. ఈసారి చెప్పింది నువ్వు ఊరందరి ముందు పెట్టిన లెక్కే.

మీటింగు అయ్యాక నన్ను ప్లానింగు నుంచి తీసి స్టోర్సుకి వేశారు. కుర్చీ కిటికీ పక్కనే ఉంది, ఫర్వాలేదు.

కళ్ళారా చూశానన్నది నిజమే. ట్యాంకు మీద డేగ పక్కన ఉన్నది నేనే. గురువారం రాత్రి బస్సు ఎక్కి వచ్చాను. నీ గేటు దాకా వచ్చి, లోపలికి రాలేక ట్యాంకు ఎక్కాను. గొట్టం ఒరిగేటప్పుడు డేగ నా చెయ్యి పట్టుకున్నాడు. దుమ్ము తగ్గాక మీ యార్డు అంతా మొదటిసారి కనపడింది. ఎన్ని వరసలో లెక్కపెట్టబోయి ఆయన మధ్యలో ఆపేశాడు. నువ్వు నీళ్ళ బిందె తీసుకుని పట్టాలు తడపడానికి వెళుతున్నావు. ఒక్కొక్క పట్టా ఎత్తి చూసి మళ్ళీ కప్పుతున్నావు. నేను కిందికి దిగి, బస్సెక్కి వచ్చేశాను.

అక్కా, నీకు నిద్ర పడుతోందా?

తమ్ముడు

*

బట్టీ దగ్గర నుంచి,
వాన వెలిసిన పూట

తమ్ముడూ,

పట్టడం లేదు. అడిగావు కనక చెప్పాను.

కొత్త ప్రెస్సుల్లో మొదటిది నిన్న దిగింది. దాన్ని దిమ్మె మీద కూర్చోబెట్టేసరికి అందరి నడుములూ విరిగాయి. కాల్పు మేస్త్రీని ఇప్పుడు ఏమని పిలవాలో ఎవరికీ తెలియడం లేదు. కుర్రాళ్ళు తడుపు మేస్త్రీ అంటున్నారు. పైకి విసుక్కుంటాడు గానీ, పిలిస్తే పలుకుతున్నాడు.

ఆ బండి ఇటుక తీసుకెళ్ళినాయన గోడ మూడు వానలకి నిలబడిందట. ఇంకో రెండు బళ్ళు కావాలని కబురు పెట్టాడు. మిగతావాళ్ళు ఇంకా చూద్దాం అంటూనే ఉన్నారు. రూలు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. రానీ, రాకపోనీ. మీ వాళ్ళు ఆరు పెడుతున్నారన్నావు కదా, పెట్టనీ. వాళ్ళ యార్డులో కూడా ఒక మంట తగ్గుతుంది. ఆ ఆరూ నా మీద గెలుపు కోసం పెట్టినా సరే, బొగ్గు కన్నం మీద నడిచేవాడు ఒకడు తగ్గుతాడు. అందుకోసమైతే వాళ్ళతో రోజూ పోటీ పడతా.

నీ కుర్చీ పోయినందుకు బాధపడతానని ఎదురుచూస్తున్నావేమో. పడను. కిటికీ పక్కన గాలి బాగా వస్తుంది.

గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళావు చూడు, అది మాత్రం క్షమించను. కొనేవాళ్ళు వెనక్కి వెళ్ళారంటే పొగ లేదనుకుని వెళ్ళారు. నువ్వేం లేదనుకుని వెళ్ళావు?

ఇంక ట్యాంకు ఎక్కకు. ఈ వయసులో నిచ్చెనలేమిటి, జారితే మీ ఆవిడకి నేనేం చెప్పను. బట్టీ చూడాలంటే పై నుంచి చూడాల్సిన పని లేదు. పట్టాలు తడపడానికి రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. దిగి రా. గేటు తీసే ఉంది.

అక్క